ఎవరూ తిట్టని పొద్దు

బషీరాబాద్,
10 మార్చి 2025.

తాండూరు టెలిఫోన్ కంపెనీ మేనేజరు గారికి,

ఈరోజు పొద్దున మా నాన్నకు ఒక్క ఫోన్ కూడా రాలేదు. ఇంటర్నెట్ ఆగితే ఊరంతా ఆయననే తిడుతుంది. ఆగి ఆరు రోజులైనా ఈరోజు తిట్టేవాళ్లు లేరు. అందుకే భయమేసింది.

మా నాన్న మీ దగ్గర లైన్ కొని, వైర్లకు స్తంభాలుగా రాతి కడీలు తానే పాతి, ఇంటింటికీ ఇంటర్నెట్ ఇస్తున్నాడు. ఆ లైన్ పాడైందన్నారు మీవాళ్లు, బాగుచేయలేదు. ఈ ఆరు రోజుల్లోనే మా కనెక్షన్ ఉన్న ఇళ్లకు మీ సొంత కనెక్షన్లు ఇచ్చారు. కొనుక్కోవడానికి ఇక్కడ ఇంకొకరి లైన్ లేదు సార్.

మొదటినుంచీ మా కనెక్షనే వాడిన బీరమ్మవ్వను అడిగాను.

"మనుమనికి పరీక్షలు బిడ్డా, కంపెనోళ్లది పెట్టిచ్చుకున్న. మీ వైరు తియ్యకుండ్రి, బట్టలారేస్త" అని నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది.

'నిస్సహాయత' అనే మాట ఇంటర్ పుస్తకంలో చదివాను. దాన్ని ఈరోజు నాన్న ముఖంలో చూశాను. రేపు వైర్లన్నీ దించేస్తానన్నాడు.

మా లైన్ బాగుచేసే తేదీ ఒక్కటి కాగితం మీద రాసివ్వండి, చాలు.

నాన్న నిచ్చెనను గడ్డివాములో దాచాను. రేపు పొద్దున ఆయన దాన్ని వెతికి పట్టుకునేలోపే, మొదటి బస్సుకు ఈ ఉత్తరం తీసుకొని మీ ఆఫీసు గేటు ముందుంటాను.