సగం చుట్టు

2వ తేదీ, ఆదివారం
కారొచ్చింది! వచ్చిందంటే, మేమే తోసుకొచ్చాం. అమ్మినాయన, నేను, పక్కింటాయన, ఆయన తమ్ముడు. మా వీధి మలుపు దాకా బాగానే నడిచి ఆగిపోయింది. తాళం తిప్పితే 'టక్' అని ఒక్క చప్పుడు, అంతే. "చిన్న విషయమండీ" అని అమ్మినాయన బస్సెక్కి చక్కాపోయాడు.

బండి లోపాలు (ఆయన ఒప్పుకున్నవి):
1. హ్యాండ్‌బ్రేక్ పట్టదు.
2. ఇంకేం లేవు.

బ్రేక్ పట్టదని వినగానే అమ్మ చక్రానికి ముందొక ఇటుక, వెనకొక ఇటుక పెట్టింది. బండి వెనకాలే ఆవిడ పూలకుండీలున్నాయి మరి.

14న మా ఆవిడకి లైసెన్సు పరీక్ష. బండి ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలట. లైసెన్సు వస్తే ఇళ్ళకెళ్ళి రోగుల్ని చూసుకునే నర్సు ఉద్యోగం ఖాయం. రాకపోతే అది ఇంకొకరికి ఇచ్చేస్తారు. మూడేళ్ళుగా ఎదురుచూస్తున్న ఉద్యోగం.

తీర్మానం: ఈ బండిని నా చేతుల్తో నేనే బాగుచేస్తాను. బామ్మర్దికి ఫోన్ చెయ్యను. వాడికి సొంత మెకానిక్ షెడ్డుంది, నిజమే. కానీ "నాకు చూపించకుండా కొనకు బావా" అన్నాడు. కొన్నాను. ఇప్పుడు ఫోన్ చేస్తే జన్మంతా దెప్పుతాడు.

3వ తేదీ, సోమవారం
వీడియో చూశాను. ఎంత తేలికో! ఇంజిన్ని చేత్తో తిప్పి చూడాలట. పూర్తిగా తిరిగితే రోగం బయట ఉన్నట్టు, తిరక్కపోతే లోపల ఉన్నట్టు.

కొన్నవి: పెద్ద స్పానర్, చేతి తొడుగులు, నుదుటికి కట్టుకునే లైటు.

ముందుజాగ్రత్తగా బ్యాటరీ ఊడదీశాను. దాని కొనలకి తెల్లగా బూజులాంటిది పట్టి ఉంది. శుభ్రంగా గీకేసి, వరండాలో ఛార్జింగ్‌కి పెట్టాను. ఇంజిన్ పని రేపు పొద్దున. డాక్టర్లకీ నాకూ ఇప్పుడు తేడా తొడుగుల రంగొక్కటే.

4వ తేదీ, మంగళవారం
ఆరింటికల్లా లేచాను! బెల్టు చక్రం మధ్యలో పెద్ద బోల్టుంది. చక్రం మీద సుద్దతో గీత గీసి, స్పానర్ తగిలించి తిప్పాను. తిరిగింది. సగం చుట్టు తిరిగి బిగుసుకుపోయింది. వెనక్కి తిప్పాను. మళ్ళీ సగం చుట్టు, మళ్ళీ ఆగింది.

గీత మీదే చూపు పెట్టి తిప్పుతుంటే బండే నా దగ్గర్నుంచి వెనక్కి జరిగినట్టనిపించింది. ఖాళీ కడుపుతో వంగితే అంతే, కళ్ళు తిరుగుతాయి. రేపట్నుంచి టిఫిన్ తిన్నాకే వైద్యం.

6వ తేదీ, గురువారం
ఇవాళ పావు చుట్టే! రోగం ముదురుతోంది. ఇంటిల్లిపాదికీ చెప్పాను. అమ్మ "అలాగా" అని, కాలితో ఇటుకలు లోపలికి నెట్టుకుంటూ పోయింది. కుండీల మీదున్న ప్రేమలో పావు వంతు నా మీద లేదు.

7వ తేదీ, శుక్రవారం
కనిపెట్టేశాను. పిస్టన్ మీద ఏదో బోల్టు పడుంటుంది. అటు తిప్పినా ఇటు తిప్పినా అదే అడ్డం.

మా కళ్ళద్దాల షాపుకొచ్చిన పెద్దాయనకి ఇదంతా బొమ్మ గీసి చూపించాను. ఆయన అద్దాలు కొనకుండానే వెళ్ళిపోయాడు. మా యజమాని చూడనే చూశాడు.

8వ తేదీ, శనివారం
పని చెయ్యలేదు. కారణాలు: వాన. నడుంనొప్పి. స్పానర్ కనపడలేదు (నా కిందే ఉంది, కూర్చున్నాను).

9వ తేదీ, ఆదివారం
మధ్యాహ్నం దాకా పడుకున్నాను. లేచేసరికి మా ఆవిడ అడిగింది.

"పధ్నాలుగుకి అయిపోతుందా అండీ?"

"ఇంకెంత, ముప్పావు చుట్టే కదా మిగిలింది."

సరేనని తలూపింది. పాపం, రోజూ నేను లేవకముందే వెళ్ళి ఆ కదలని కార్లో కాసేపు కూర్చుని వస్తోంది. ఏం చేస్తుందో అడగలేదు. కొనుక్కున్నాం కదా, కనీసం కూర్చోనీ అనుకున్నాను.

11వ తేదీ, మంగళవారం
వంటింట్లో మూత బిగుసుకుంటే ఏం పోస్తారు? నూనె. పోశాను. బయటే పోశాను, లోపలికి ఎలా వెళ్తుందో తెలీక. ఇవాళ సగం చుట్టు! తగ్గుముఖం!

సాయంత్రం మళ్ళీ పావే. ఈ రోగానికి నిలకడ లేదు.

12వ తేదీ, బుధవారం
ఫోన్ చేశాను.

"న్యూట్రల్లో ఉందా బావా?" అన్నాడు బామ్మర్ది.

"నలుగురం తోసుకొచ్చామురా. న్యూట్రల్ కాకపోతే వస్తుందా?"

"అటూ ఇటూ ఒకే చోట ఆగుతోందా?"

"ఆగుతోంది."

"అయితే లోపల ఏదో విరిగింది. రేపు సాయంత్రం తాడు తీసుకొస్తా, షెడ్డుకి లాక్కెళ్దాం. ఇంజిన్ దించాలి. నెల పడుతుంది."

"నీకు చూపించకుండా కొన్నందుకు ఏమీ అనవా?"

"ఇంజినే పోయాక ఇంకేం అంటాం బావా."

దెప్పలేదు. దెప్పుంటే బాగుండేది.

మా ఆవిడకి చెప్పాను. పరీక్షకని ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించుకున్న బట్టలు తీసి, మడతపెట్టి, బీరువాలో పెట్టేసింది. "సరేలెండి" అంది. నా పంతానికి ఆవిడ ఉద్యోగం పోతోంది.

13వ తేదీ, గురువారం
సెలవు పెట్టాను. వాడు వచ్చేలోపు ఆఖరి ప్రయత్నం. స్పానర్‌కి నీళ్ళ గొట్టం ముక్క, ఇనపది, తొడిగి, దేవుళ్ళందర్నీ తలుచుకుని లాగాను. పావు చుట్టు. ఆగింది. ఊపిరి బిగబట్టి ఇంకా లాగాను.

"ఒరేయ్, బండి కదులుతోందిరా" అంది అమ్మ వరండాలోంచి.

"కదలదమ్మా, ఇంజిన్ పట్టేసింది."

"నేను రోజూ ఇటుకలు సర్దలేక చస్తున్నాను, కదలదంటావేంటి?"

వెనకాల ఫటుక్కున విరిగిన చప్పుడు. ఇంజిన్ తిరిగింది! పూర్తి చుట్టు! నేను గొట్టంతో సహా బోర్లా పడ్డాను. బండి రెండు ముక్కలైన ఇటుక మీదుగా తాపీగా వెనక్కి వెళ్ళి ఒక పూలకుండీని పడగొట్టింది.

చప్పుడికి మా ఆవిడ బయటికొచ్చింది. "అది రివర్స్‌లో ఉంది కదండీ" అంది.

"ఎవరు వేశారు?"

"నేనే. రోజూ పొద్దున గేర్లన్నీ ఒకసారి వేసి చూసుకుంటున్నాను. రివర్స్ ఒకటే నాకు సరిగా రాదు, అందుకే చివర్లో అదే పదిసార్లు వేసి దిగుతాను. మీకు తెలుసనుకున్నాను."

నేల మీదే కూర్చుండిపోయాను. గేర్లో ఉంటే ఇంజిన్‌తో పాటే చక్రాలూ కదులుతాయి. పది రోజులుగా నేను ఇంజిన్ని కాదు, మొత్తం బండిని తిప్పుతున్నాను. ఇటుక నుంచి ఇటుక దాకా. అమ్మ ఇటుకలు దగ్గరికి నెట్టిన రోజు రోగం ముదిరేది. వాన తడికి అవి జరిగిన రోజు తగ్గేది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, ఆవిడ చూస్తుందని రెండూ మింగేశాను.

బామ్మర్ది తాడుతో వచ్చాడు. విషయం విని తాడు కింద పడేసి గేటు పట్టుకుని నవ్వాడు. న్యూట్రల్ చేసి బ్యాటరీ బిగించాం. తాళం తిప్పగానే స్టార్టయింది.

"బ్యాటరీ కొనలు గీకింది ఎవరు?" అన్నాడు.

"నేనే. మూడో తేదీనే." కాస్త ఛాతీ విరుచుకునే చెప్పాను.

"అయితే బండి మూడో తేదీనే బాగైపోయింది బావా. ఆ తర్వాత నువ్వు బాగుచేసిందేంటి?"

టీ చల్లారిపోతోందన్నాను.

14వ తేదీ, శుక్రవారం
పాసయింది! రివర్స్‌లో ఒక్క తప్పూ లేదట. ఇంత బాగా ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని అడిగారట ఆఫీసరు. "ఇంట్లోనే సార్, ఆగిపోయిన బండిలో" అందట. బండి చెడిపోబట్టే ఆవిడకి రివర్స్ వచ్చిందని, చెడిపోయిన బండి కొన్నది నేనేనని రాత్రి భోజనాల దగ్గర గుర్తుచేశాను. ఎవరూ తల ఎత్తలేదు. కూర మాత్రం ఆవిడ మొదట నాకే వడ్డించింది.

16వ తేదీ, ఆదివారం
రేపట్నుంచి ఆవిడ ఉద్యోగం. వెళ్ళిన చోటల్లా పెట్టుకొమ్మని అమ్మ రెండు కొత్త ఇటుకలు కడిగి, ఆరబెట్టి, వెనక సీట్లో పెట్టింది. వాన పడుతుందేమోనని తన పాత గొడుగు కూడా తెచ్చి ముందు సీట్ల మధ్య, హ్యాండ్‌బ్రేక్ కింద దూర్చింది.

నర్సు ఇటుకలు మోసుకుంటూ రోగుల ఇళ్ళకి వెళ్ళడమేంటి? మొగుడన్నవాడు ఉండి చూస్తూ ఊరుకుంటాడా?

తీర్మానం: హ్యాండ్‌బ్రేక్ నా చేతుల్తో నేనే బాగుచేస్తాను. వీడియో చూశాను. ఎంత తేలికో!

ఇప్పుడే వెళ్ళి చూసొచ్చాను. పైకి లాగితే బాగానే వస్తోంది. కిందికి మాత్రం సగమే దిగుతోంది. మళ్ళీ మళ్ళీ చూశాను, ప్రతిసారీ సరిగ్గా అక్కడే ఆగుతోంది. లోపల ఏదో విరిగింది, సందేహం లేదు.

బామ్మర్దికి ఫోన్ చెయ్యను.