చేయి కలపని శనివారం

ఫిబ్రవరి 11, సోమవారం

కుట్లు ప్రాక్టీసు చేయడానికి ఈరోజు కూడా కోడికాళ్ళే. తొడలో ఉండే రక్తనాళం మిల్లీమీటరు మందం ఉంటే గొప్ప. దాన్ని కోసి, వెంట్రుక కంటే సన్నని దారంతో మళ్ళీ కుట్టి, సిరంజితో నీళ్ళు వదలాలి. కారితే మళ్ళీ మొదటికి. ఈసారి కారలేదు. ఒక్కదాన్నే గంతులేశాను.

డుఫీ చిన్నమ్మ వంటగదిలోంచి తిట్టింది. ఏమే సెర్వా, నువ్వు చదివేది మనుషుల డాక్టరీనా, కోళ్ళ డాక్టరీనా, నీ దారాలు నా పళ్ళలో ఇరుక్కుంటున్నాయే అని. తిడుతూనే ఇంకో గరిటె సూప్ పోసుకుంది.

ప్లాస్టిక్ సర్జరీలో నాకిది ఆఖరి సంవత్సరం. అయినా ప్రొఫెసర్ అడ్డాయి నా చేతికి మనిషి నాళం ఇవ్వరు. కోడి కోడే, మనిషి మనిషే, తొందరేముంది అంటారు. ఆయనకి తొందర లేదు. నాకుంది.

ఫిబ్రవరి 27, బుధవారం

మెమునాతు అని, పందొమ్మిదేళ్ళ పిల్ల. ఉత్తరాది నుంచి వచ్చి కెజెటియా మార్కెట్లో నెత్తిన బేసిన్ పెట్టుకుని జనం సరుకులు మోస్తుంది. జనాన్ని ఎక్కించుకునే ట్రోట్రో వ్యాను ఒకటి రివర్స్ చేస్తూ కాలు నలిపేసింది. మోకాలి కింద ఎముక బయటికి కనిపిస్తోంది. కప్పడానికి చర్మం మిగల్లేదు.

ఎముకల డాక్టర్లు కాలు తీసేద్దామన్నారు. ప్రొఫెసర్ ఒప్పుకోలేదు. అందుకు ఆయనకు దండం పెట్టాలి. రెండో కాలి తొడ నుంచి చర్మాన్ని రక్తనాళాలతో సహా తెచ్చి కప్పుదాం, ఫ్లాప్ వేద్దాం అన్నారు.

మెమునాతుకి నేనే చెప్పాను. నీ తొడ ముక్కనే నీ కాలికి అతుకు వేస్తాం, అది బతికితే కాలు ఉంటుంది, చస్తే తీసేయక తప్పదు అని. అతుకుల బట్టలు కట్టే పెరిగాను డాక్టరమ్మా, అతుకంటే నాకేం సిగ్గు, వెయ్యి అంది. కాలు తీసేస్తే మాత్రం దాంతోపాటు నన్నూ పారేసెయ్యి, ఒంటికాలి మీద బేసిన్ మోసినదాన్ని నేనెక్కడా చూడలేదు అంది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు.

మార్చి 8, శుక్రవారం

మెమునాతు ఆపరేషన్ పొద్దున మొదలుపెడితే సాయంత్రమైంది. నాళాలు రెండూ ప్రొఫెసరే కుట్టారు. రక్తం తెచ్చేది ఒకటి, తీసుకుపోయే వెయిన్ ఒకటి. ఆయన చేతులు చూస్తుంటే కుళ్ళుకుని చచ్చిపోయాను.

వార్డు గోడ మీద, పోయినేడు వచ్చిన విదేశీ టీం అంటించిన కాగితం ఉంది. ఫ్లాప్ గులాబీ రంగులో ఉంటే క్షేమం, నీలంగా మారితే ప్రమాదం అని. మా వార్డులో గులాబీ రంగు మనిషెవరు? ఆ గోడే కాస్త గులాబీ. ప్రొఫెసర్‌ని అడిగాను. కంటికి అదే అలవాటవుతుందిలే అన్నారు. నా కంటికి అలవాటు కాలేదు. అయ్యేలా కూడా లేదు.

మార్చి 9, శనివారం, ఉదయం 9

రంగు మారలేదు. కానీ ఫ్లాప్ బిగుసుకుంది, ఉబ్బింది. సూదితో గుచ్చితే నల్లటి రక్తం బొటబొటా కారింది. వెయిన్ మూసుకుపోయింది. రక్తం లోపలికి వస్తోంది, పోయే దారి లేదు.

ప్రొఫెసర్‌కి ఫోటో పంపాను. రంగు బాగానే ఉంది, కంగారుపడకు అని జవాబు. ఫోన్ చేశాను. వెనక డప్పులు. ఆయన బామ్మర్ది చావు కార్యం. ఏమీ వినపడట్లేదు, సోమవారం చూద్దాం, నేను రాకుండా ముట్టుకోకు అని పెట్టేశారు.

సోమవారానికి కాలు ఉండదు. మత్తు డాక్టర్ అమంక్వా కూడా అక్కడే ఉన్నాడట. కుమాసిలో చావు కార్యాలన్నీ శనివారమే, ఆ రోజు జబ్బు పడకూడదు. డాక్టర్లంతా చచ్చినవాళ్ళ దగ్గర ఉంటారు.

సాయంత్రం 6

వెళ్ళాను. టాక్సీలో, ఆకుపచ్చ థియేటర్ బట్టలతోనే. అక్కడ అందరూ నలుపులో, ఎరుపులో ఉన్నారు. వచ్చినవాళ్ళు కుడివైపు నుంచి మొదలుపెట్టి, వరసలో కూర్చున్న ప్రతి ఒక్కరికీ చేయి కలిపి, ఆ తర్వాతే నోరు విప్పాలి. మూడు టెంట్ల నిండా జనం. అన్ని చేతులు కలిపేలోపు ఫ్లాప్ చచ్చిపోతుంది. నడి మధ్యలోంచి నేరుగా నడిచాను. డప్పులు ఆగిపోయాయి. ఎవరి పిల్లే ఇది, దీన్ని మనుషులు పెంచారా, మేకలు పెంచాయా అంది ఒక ముసలావిడ.

ముందు వెళ్ళి పెద్దల్ని పలకరించి రా అన్నారు ప్రొఫెసర్. వెయిన్ మూసుకుంది సర్, మీరొస్తారా, లేకపోతే అమంక్వాని పంపుతారా అన్నాను. నేను చూశానుగా, రంగు బాగుంది అన్నారు. మీరు రంగు చూశారు, నేను రక్తం చూశాను అన్నాను. అంతమంది ముందు. కూర్చో అన్నారు. కూర్చోలేదు. భయం వేసింది, అయినా కూర్చోలేదు.

అమంక్వా లేచి నల్లబట్ట భుజం మీదికి సర్దుకున్నాడు. పోయినాయన ఎక్కడికీ వెళ్ళడు కదా, నేనే వెళ్ళొస్తా అన్నాడు. టాక్సీ ఎక్కాక, నీ అదృష్టం బాగుంది పిల్లా, జిన్ సీసా ఇంకా మా వరస దాకా రాలేదు అన్నాడు.

థియేటర్‌లో కుట్లు విప్పాను. వెయిన్‌లో బియ్యపుగింజంత గడ్డ. తీశాను. పాడైన కొన కోసేసి మళ్ళీ కుట్టాను. మనిషి వెయిన్ కోడి నాళం కంటే పెద్దది. ఈ సంగతి నాకు ఒక్కరూ చెప్పలేదు! క్లిప్పు తీయగానే అది నిండింది, రక్తం కదిలింది. తెర వెనక నుంచి అమంక్వా చర్చి పాట ఎత్తుకున్నాడు. ఘోరంగా పాడతాడు.

మార్చి 10, ఆదివారం

వెచ్చగా ఉంది. మెత్తగా ఉంది.

మార్చి 19, మంగళవారం

ప్రొఫెసర్ పిలిచారు. రెండు క్షమాపణలు కావాలట. కార్యంలో చేసిన అవమానానికి ఒకటి, తన మాట మీరి విప్పినందుకు ఒకటి. ఒక్కటీ చెప్పను అని ఇంటికొచ్చాను.

చిన్నమ్మ నా వైపు రాలేదు. కాలు నిలబెట్టావు, మంచిదే, కానీ భర్తలు పోయినవాళ్ళూ, ముసలివాళ్ళూ కూర్చున్న చోట గాడిదలా దూరిపోయావు, తప్పుని తప్పనడానికి నీ నోరేం అరిగిపోదు అంది. నిజమే. పోనీ, ఒకటి చెబుతాను.

మార్చి 23, శనివారం

తప్పు ఒప్పుకునేవాళ్ళు ఇచ్చే ష్నాప్స్ సారా సీసా పట్టుకుని చిన్నమ్మ నన్ను పోయినాయన ఇంటికి వెంటబెట్టుకు వెళ్ళింది. ఈసారి కుడి నుంచి ఎడమకి అందరికీ చేయి కలిపాను. నా తరఫున చిన్నమ్మే మాట్లాడింది. పోయినాయన భార్య సీసా అందుకుని, ఇంతకీ ఆ పిల్ల కాలు ఎలా ఉందమ్మా అని అడిగింది. ఉందమ్మా అన్నాను. అక్కడ మాత్రం నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మరి రెండోది అన్నారు, అక్కడే కూర్చున్న ప్రొఫెసర్. దానికి సీసా తేలేదు సర్ అన్నాను. చిన్నమ్మ నా కాలు తొక్కింది. పొరపాటు చేశానని రాసివ్వు, లేకపోతే ఈ ఏడు ఎగ్జామ్‌కి నీ పేరు పంపను అన్నారు. అది పొరపాటు కాదు సర్, కాలు వార్డులోనే ఉంది, వెళ్ళి ముట్టుకోండి, చూడొద్దు, ముట్టుకోండి అన్నాను.

ఏప్రిల్ 5, శుక్రవారం

ఎగ్జామ్ లిస్టులో నా పేరు లేదు. ఒక ఏడాది పోయింది. బాత్‌రూములో కుళాయి తిప్పి ఏడ్చాను. బయటికొచ్చి గోడ మీది గులాబీ కాగితం చింపేశాను. ఎవరు చింపారని సిస్టర్ అడిగితే నేనే అన్నాను.

రౌండ్స్‌లో ప్రొఫెసర్ మెమునాతు కాలి మీద చేయి వేశారు. చాలాసేపు తీయలేదు. వెళ్తూ వెళ్తూ మళ్ళీ ఆ లెటర్ గురించే అడిగారు. రాయను అన్నాను.

ఆగస్టు 16, శుక్రవారం

కెజెటియాలో మెమునాతు కనిపించింది. నెత్తిన బేసిన్, దాని నిండా యామ్ గడ్డలు. చేతిలో కర్ర లేదు. ఇంకా మూడు నెలలు బరువెత్తొద్దని చెప్పానా లేదా, ఎవరినడిగి మోస్తున్నావే అని నడిబజార్లో అరిచాను. ఆ పిల్ల ఆగను కూడా ఆగలేదు. నువ్వెవరినడిగి కుట్టావు డాక్టరమ్మా, దారియ్యి అంది.

ఇచ్చాను.