సరిత రెండో నారుమడి

మంగళవారం, రాత్రి

నా బిడ్డ సరిత ఈ ఏడు సాగు తానే చేస్తానంది. ఎంత సంబరపడ్డానో! మొదటి నారుమడిలో నీళ్లు నిలిచి మొలకలన్నీ మురిగిపోయాయి. ముందే చెప్పబోతే, "నువ్వే చెప్తే నాకెప్పుడొస్తది బాపూ? జర గమ్మున కూసో" అని మాట తీసుకుంది. గట్టు మీద కూర్చొని చూస్తుంటే ప్రాణం కొట్టుకుంది.

మురిగిన మడి దగ్గర చాలాసేపు అటు తిరిగి కూర్చుంది. ఏడ్చిందేమో. తర్వాత హుజూర్‌నగర్ పోయి మళ్లీ విత్తనాలు తెచ్చి, నానబెట్టి, మొలకెత్తించి, ఈ రోజు చల్లింది. పొద్దుగూకే ముందు తానే పార పట్టి నీళ్లన్నీ తీసేసింది.

"నీళ్లల్ల వాటికి ఊపిరాడలే. గంతే కద బాపూ?"

నా బంగారు తల్లి! ఎగిరి గంతేయాలనిపించింది. "ఏమో బిడ్డా" అని ఊరుకున్నాను.

ఇప్పుడేమో ఉరుముతోంది. పెద్ద వాన పడితే ఉత్త బురదలో మొలకలు చెదిరి కొట్టుకుపోతాయి. చినుకుల దెబ్బ తగలకుండా ఈ ఒక్క రాత్రికి మడిలో నీళ్లు పెట్టాలి. తీసెయ్యాలని ఇప్పుడే నేర్చుకున్న పిల్లకు అది ఎట్లా తెలుస్తుంది? చెప్పనని మాటిచ్చానే! అలసిపోయి నిద్రపోతోంది.

లేపలేదు. ఉరుము వినబడాలని ఆమె గది కిటికీ మాత్రం తెరిచి వచ్చాను.