తేగ కొరికితే ఊడిన క్లిప్పు

అత్తయ్యగారూ, పప్పు పొయ్యి మీదుంది, వేడి చేసుకు తిని మాత్ర వేసుకోండి. రాత్రి మీరు ఉడకబెట్టిచ్చిన తాటి తేగ కొరికితే నా పంటి క్లిప్పు ఊడిపోయిందండి. తీగ బుగ్గలో గుచ్చుకుంటోంది, నిలవలేక అమలాపురం డాక్టరుగారి దగ్గరికి పరిగెడుతున్నాను. మస్కట్ నుంచి మీ అబ్బాయి ఫోన్ చేస్తే బజారుకెళ్ళేనని చెప్పండి. పళ్ళ సంగతి ఎత్తకండి, నేనే చెప్పుకుంటాను.

ఈ వయసులో పళ్ళు సరిచేయించుకోవడమేంటని నిన్న పక్కింటి అప్పాయమ్మగారితో అని నవ్వేరు. వినబడిందండి. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వేరు.

మీ కోడలు నాగదుర్గ

ఇంకో మాట. మా పెళ్ళి ఫోటోల్లో నోరు మూసుకున్నది మనిద్దరమేనండి. డాక్టరుగారిని మీ పళ్ళ గురించి కూడా అడిగొస్తాను.