దెబ్బకు ముందు ఊపిరి

నవంబర్ 3, 1996. ఆదివారం.

నా పేరు దూదేకుల హుస్సేనమ్మ. వయసు డెబ్బై. రేషన్ కార్డు అరవై నాలుగంటోంది. కార్డుకు తెలిసింది తక్కువ. కామారెడ్డిలో రైలు పట్టాల పక్క వీధి. ఇంట్లో నేను, దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన కొడుకు ఖాసీం. కోడలు కాన్పుకు పిట్లం, పుట్టింటికి పోయింది. మా ఆయన మౌలాలి లేడు. చనిపోయి పదహారేళ్లు.

నాకు అక్షరం రాదు. రాస్తున్నది పక్కింటి లక్ష్మి. బీడీలు చుడుతుంది, ఏడు దాకా చదివింది. నా మాటను పుస్తకాల భాషలోకి దిద్దుతుంది. దిద్దనీ. మనుషులు అన్నవి మాత్రం అన్నవి అన్నట్టే పెట్టాలని ఒట్టు వేయించుకున్నాను.

ఎందుకు రాయిస్తున్నాను — రేపు ఖాసీం "నువ్వు గట్ల అనలే అమ్మా" అంటాడు. అనగలడు. రోజురోజుదీ కాగితం మీద ఉండాలి.

నవంబర్ 4, సోమవారం.

సంగతి ఒక క్యాసెట్. పదిహేడేళ్ల కింద ఎల్లారెడ్డిలో, ఖాసీం దుబాయి నుంచి మొదటి టేప్ రికార్డర్ తెచ్చినప్పుడు పట్టింది. మా ఆయన దూది ఏకుతున్నాడు. విల్లు తీగ మీద కొయ్యతో దెబ్బ, గుంయ్, మళ్లీ దెబ్బ. పాట లేదు, మాట లేదు. మరుసటి ఏడు పోయాడు. నా దగ్గర ఆయనది ఇంకేమీ మిగల్లేదు, ఫోటో కూడా.

ఆ క్యాసెట్ ఎప్పుడు విన్నా ఒకచోట ఆపేస్తాను. దెబ్బల లెక్క తెలుసు. ఆ తర్వాత ఏముందో కూడా తెలుసు.

ఇవాళ నర్సింలు చూశాడు — స్టేషన్ రోడ్డులో రేడియోలు, టేపులు బాగుచేసే నర్సింలు. రీలు అతుక్కుపోతోంది, గోధుమరంగు పొడి రాలుతోంది.

"ఇగ ఒక్కసారి తిరుగుతది అవ్వా. రెండోసారికి నేను పూచీ పడ."

ఒక్కసారి. ఆ ఒక్కసారిలోనే నకలు తీయాలి.

నవంబర్ 5, మంగళవారం.

ఖాసీం దుబాయిలో హోటల్ హాళ్లకు సౌండు పెట్టే పని చేస్తాడు. ఈసారి మోసుకొచ్చినవి — సీడీలు పాడే పెట్టె, మినీ డిస్క్ అని ఇంకో పెట్టె, రెండు స్పీకర్లు. ఆ చిన్న డిస్క్ సున్నం డబ్బీ అంత కూడా లేదు. అందులో గంట సేపటి పాట ఎక్కుతుందట.

నకలు దాని మీదే తీద్దామంటాడు. తీయి. కానీ పొద్దున్నుంచి వాడికీ నర్సింలుకీ తీగల మీద కొట్లాట. పెట్టె నుంచి పెట్టెకు పాటను తీసుకుపోయే తీగలు రెండు రకాలట. ఒకటి రాగిది. ఒకటి వెలుగుది — కొసన ఎర్రగా వెలుగుతుంది. అరచేతి మీద పెట్టుకున్నాను. కుంకుమ చుక్క. వేడి లేదు.

"వెలుగుల దుమ్ము ఉండదన్నా. సాఫ్."

"రాగిని నమ్ముకోని ముప్పై ఏండ్లు బతికిన. నీ దీపాన్ని నమ్మమంటవా?"

చాయ్ మూడుసార్లు పెట్టాను.

నవంబర్ 6, బుధవారం.

నేనే తేల్చాను. గోడ వైపు తిరిగి కూర్చున్నాను. ఒకే సీడీ. ఒక డిస్క్ మీదికి వెలుగుతీగతో ఎక్కించారు, ఇంకోదాని మీదికి రాగితీగతో. మార్చి మార్చి పాడించారు. ఎన్నిసార్లు విన్నా తేడా లేదు.

"ఒక్క బాయి నీళ్లే. రెండు బొక్కెనలు," అన్నాను.

ఇద్దరికీ నచ్చలేదు. అప్పుడు అడిగాను — "మా ఆయన క్యాసెట్ పెట్టెకు ఈ వెలుగుతీగ ఏ తొర్రల దోపుతరు?"

పెట్టెను వెనక్కి తిప్పి చూశారు. అలాంటి తొర్ర లేదు. రాగిదానికీ లేదు. క్యాసెట్‌కు పాత ఎరుపు, తెలుపు తీగలే గతి. రెండు రోజులు కొట్లాడింది పెళ్లికి రాని చుట్టం గురించి.

నర్సింలు చెప్పులు వేసుకున్నాడు. "పొద్దుగాల జెప్పొద్దా అవ్వా?"

"పొద్దుగాల అడిగిన్రా?"

నవంబర్ 7, గురువారం.

డిస్క్‌తో వచ్చిన పుస్తకం ఖాసీం చదివి చెప్పాడు. అంత పాట ఇంత డబ్బీలో ఎలా పడుతుందంటే — మనిషి చెవికి వినబడని చప్పుడు ఏరి పారేస్తుందట.

"ఎవ్వని చెవికి?"

"మనిషి చెవికి అమ్మా."

"ఏ మనిషి? దూది ఏకినోడా?"

ఖాసీం పుస్తకం మూశాడు. ముందు విల్లు చప్పుడు దీని మీద పట్టి వినిపిస్తేగానీ మా ఆయన క్యాసెట్ ముట్టనివ్వను. రాయి లక్ష్మీ.

నవంబర్ 8, శుక్రవారం.

విల్లు కోసం ఎల్లారెడ్డి పోయాను. మరిది దస్తగిరి ఇంట్లో దూలానికి వేలాడుతోంది. అక్కడ ఇప్పుడు ఎవరూ ఏకడం లేదు, మిషన్ పెట్టారు. దించమన్నాను. దించుతూ అన్నాడు —

"ఇప్పుడు యాదికొచ్చిండా మా అన్న? బతికినన్ని దినాలు నీ నోటికి జడిసి సచ్చిండు."

పదహారేళ్లుగా ఆ ఇంట్లో ఇదే మాట. హుస్సేనమ్మ నోటికే మౌలాలి పోయాడు. పెళ్లిళ్లలో కూడా గుసగుస.

"తీగ మీద బూజు దులిపియ్యి," అన్నాను. ఇంకేమీ అనలేదు. అనకపోవడం నాకు చేతనయిన పని కాదు, అయినా అనలేదు.

బస్సులో విల్లు పట్టదు. కండక్టర్ —

"గిదేందవ్వా, యుద్ధానికి పోతున్నవా? యాడ పెడ్తవు?"

"నీ నెత్తి మీద."

బస్సు పైన కట్టించాడు. ప్రతి గుంతకూ తీగ గుంయ్‌మంది. కామారెడ్డి దాకా.

నవంబర్ 10, ఆదివారం.

దీపావళి. టపాకాయలు. పని కాదు.

నవంబర్ 12, మంగళవారం.

తీగ బిగించాను. దూది వేసుకున్నాను. ఏకాను. భుజం పట్టేసింది, పట్టేయనీ. పెళ్లయిన కొత్తలో ఆయనే నేర్పాడు.

నర్సింలు మైకు పెట్టాడు. అదే చప్పుడును ఒకేసారి డిస్క్ మీదా, కొత్త క్యాసెట్ మీదా పట్టారు. మళ్లీ గోడ వైపు తిరిగాను. నా ముందు రెండు గిన్నెలు, ఒళ్లో పత్తిగింజలు. డిస్క్ అనుకుంటే ఎడమ గిన్నెలో గింజ, క్యాసెట్ అనుకుంటే కుడి. పదిసార్లు. ఏది పెట్టారో నర్సింలు తలుపు మీద సుద్దతో గీస్తాడు.

మొదట ఖాసీం ఒప్పుకోలేదు. "క్యాసెట్‌ల రొద ఉంటదమ్మా. సర్ర్ అంటది. దాంతోని ఎవలైన గుర్తు పడ్తరు."

"అయితే ఫ్యాన్ పెట్టు. రొదల రొద కలుస్తది."

పెట్టాడు. పదిలో ఎనిమిది. తప్పిన రెండూ గూడ్సు బండి పోతున్నప్పుడు.

"ఎట్ల చెప్తున్నవవ్వా?"

చెప్పాను. డిస్క్ మీద దెబ్బ పడకముందే ఒక మెత్తటి చప్పుడు ఉంది. ఉస్స్ — గింజంత. కొయ్య తగలకముందే తీగ ఊపిరి తీసినట్టు. నలభై ఏళ్లు ఆ తీగ పక్కన బతికాను. అది కొట్టకముందు పలకదు. క్యాసెట్ మీద రొద ఉంది, కానీ ఆ ఊపిరి లేదు.

ఖాసీం చెవి స్పీకర్‌కు ఆనించి చాలాసేపు విన్నాడు. లేచాడు.

"ఉన్నది. పెద్ద దెబ్బ వస్తే మిషన్‌ల దాని చప్పుడు కొంచెం ముందే చెదురుతదంట. పుస్తకంల రాసిండ్రు. నేను ఎన్నడు వినలే."

నర్సింలు ఎడమ గిన్నెలో గింజలు మళ్లీ లెక్కపెట్టాడు.

నవంబర్ 13, బుధవారం.

క్యాసెట్ మీద తీస్తే ఉన్నది ఉన్నట్టు వస్తుంది, కానీ రొద పెరుగుతుంది, పదేళ్లకు మళ్లీ పొడి రాలుతుంది. డిస్క్ అరగదు, కానీ దెబ్బకు ముందు లేనిది పుట్టిస్తుంది. ఒకటి ముసలిది, ఒకటి అబద్ధాలది.

నర్సింలు చీలిక తీగ ఒకటి చేశాడు. ఒక కొస క్యాసెట్ పెట్టెకు. రెండో వైపు రెండు పాయలు — ఒకటి డిస్క్‌కు, ఒకటి కొత్త క్యాసెట్‌కు. ఒక్కసారి తిరిగితే రెండు నకళ్లు.

మధ్యలో ఆపడానికి లేదట. ఆపితే మళ్లీ కదలకపోవచ్చు. చివరిదాకా పోవాలి.

పోనీ అన్నాను.

నవంబర్ 14, గురువారం.

పది గంటలు. తలుపు వేశాం. నేను, ఖాసీం, నర్సింలు, లక్ష్మి. తిరిగింది.

దెబ్బలు. నా లెక్క నాకుంది. నేను ఆపే చోటు వచ్చింది. దాటింది.

నా గొంతు. పదిహేడేళ్ల కిందటి గొంతు —

"ఎంతసేపు గొడ్తవు! చెవులు పలుగుతున్నయి! బువ్వ సల్లారిపాయె. నీ విల్లు పాడుగాను!"

విల్లు ఆగింది.

నేను చెవులు మూసుకున్నాను. రెండు చేతులతో. ఎంతసేపో తెలియదు. చేతులు తీసేసరికి రీలు ఉత్తగా తిరుగుతోంది. తర్వాత టక్‌మని తెగింది. నర్సింలు మూత తీశాడు — తీగలు తీగలుగా చుట్టుకుపోయి ఉంది.

"అయిపోయిందవ్వా. ఇది ఇగ పలకది."

నకళ్లు రెండూ వచ్చాయి. ఎవరూ నా వైపు చూడలేదు. మరిది మాట అందరూ విన్నవాళ్లే.

నవంబర్ 15, శుక్రవారం.

ఖాసీం నమాజు నుంచి వచ్చి కూర్చున్నాడు.

"అమ్మా, డిస్క్ మీదనైతే నీ ముక్క కోసి తీసేయొచ్చు. రెండు నిమిషాల పని. అతుకు గూడ తెల్వది. బాబాయోళ్లకు విల్లు ఒక్కటే ఇనిపిద్దాం."

"క్యాసెట్ మీద?"

"దాని మీద తుడిస్తే గుంత పడ్తది. తెలిసిపోతది."

"ముందు ఇనిపియ్యి. నా గొంతు తర్వాత ఏమున్నదో."

డిస్క్ పెట్టాడు. నా తిట్టు. విల్లు ఆగడం. అన్నం గిన్నె చప్పుడు. ఆ తర్వాత — ఉస్స్. ఆ వెంటనే ఒక్క దెబ్బ. గుంయ్. అంతే.

నేను తిట్టాక ఆయన ఒకసారి కొట్టాడు. ఇన్నేళ్లూ నాకు తెలియదు. అక్కడిదాకా ఎన్నడూ పోనివ్వలేదు.

"బాపు నవ్విండమ్మా," అన్నాడు ఖాసీం. "ఇన్నవా, కొట్టేముందు ముక్కుతోని నవ్విండు. నిన్ను ఆటపట్టిచ్చిండు."

క్యాసెట్ పెట్టమన్నాను. తిట్టు. గిన్నె. రొద. దెబ్బ. నవ్వు లేదు.

నవ్వు లేకపోతే ఆ దెబ్బ ఏమిటి? కోపంతో కొట్టినా అలాగే మోగుతుంది.

నర్సింలును పిలిపించాను.

"మిషన్‌దే అవ్వా. నువ్వే చెప్పినవు గద, దెబ్బకు ముందు ఉస్స్ అంటదని. నీ గింజలు ఇంక తలుపు పక్కనే ఉన్నయి." రెండు నకళ్ల వైపూ చూశాడు. "కాకుంటే, మెల్లగ నవ్వినా క్యాసెట్ రొదల మునిగిపోతది. లేదని గూడ చెప్పరాదు."

"అసలు క్యాసెట్‌ల ఉండెనా?"

"అందరం ఇన్నం గని, నీ తిట్టుకు నీ మొగమే చూస్తున్నం అవ్వా. గంత సన్నగ ఎవలు ఇంటరు? ఆ చప్పుడు పట్టేది నీ చెవులే."

నా చెవులు మూసి ఉన్నాయి.

నవంబర్ 16, శనివారం.

రేపు పొద్దున ఖాసీం బయలుదేరుతున్నాడు. డిస్క్ వాడి సంచిలో. క్యాసెట్ నా పెట్టెలో. వాడు మళ్లీ అడిగాడు — కోయాలా, వద్దా. వాడికి నా పరువు భయం. మంచివాడే.

కాబట్టి నా వాదన రాయిస్తున్నాను, దస్తగిరి ఇంటికి కూడా ఇదే.

ఒకటి — నేను తిట్టాను. రోజూ తిట్టాను. తిట్టిన గొంతు నాదే, కోయొద్దు. రెండు — తిట్టాక ఆయన విల్లు మీద ఒక దెబ్బ కొట్టాడు. జడిసినవాడు కొట్టడు. జడిసి చచ్చాడన్నవాళ్లు ఆ దెబ్బ విని అప్పుడు మాట్లాడాలి. నా తిట్టు కోస్తే ఆ దెబ్బ ఎందుకు పడిందో లోకానికి తెలియదు. మూడు —

మూడోది లక్ష్మి రెండుసార్లు రాసి కొట్టేసింది. నేనే మార్చమన్నాను. మొదట, డిస్క్‌లోది నవ్వు కాదు, మిషన్ చప్పుడు, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు అన్నాను. అది నిజం. పదిలో ఎనిమిదిసార్లు నిరూపించింది నేనే. తర్వాత అది కొట్టేయమన్నాను. నవ్వే అని రాయమన్నాను. అదీ కొట్టేయమన్నాను.

సాయంత్రం ఖాసీం సంచిలోంచి డిస్క్ తీయించి ఆ చివరి ముక్క ఒక్కటే పెట్టించాను. నాలుగుసార్లు. ఉస్స్, గుంయ్. ఫ్యాన్ లేదు. బండి లేదు.

"ఏమంటవమ్మా? బాపుదేనా?"

"పడుకో. పొద్దున బస్సున్నది."

మూడోదానికి జాగా వదిలిపెట్టమన్నాను. లక్ష్మి రెండు గీతలు ఖాళీ ఉంచింది.

పైన రాసినదంతా చదివించుకుని విన్నాను. నా మాటలే.

హుస్సేనమ్మ, ఎడమచేతి బొటనవేలి గుర్తు.

చూసినవాళ్లు: లక్ష్మి, రాసినది కూడా నేనే. నర్సింలు, స్టేషన్ రోడ్డు.

ఖాసీం పెన్ను అందుకున్నాడు. ఖాళీ గీతలు చూసి, అవి నింపాక సంతకం పెడతానన్నాడు.