ఇవ్వనన్న బౌలర్

రఫీ,

నువ్వు పోయాక మొదటి వేలం ఈ ఆదివారం పొద్దున అయిపోయిందిరా. ఎప్పట్లాగే గవర్నర్‌పేటలో నా స్టేషనరీ షాపులో, షట్టర్ సగం దించి, ఎనిమిదిమందిమి ఉత్తుత్తి కోట్లతో క్రికెటర్లని కొనుక్కున్నాం. నీ కుర్చీలో మీ షబానా కూర్చుంది. నీ టీము రాసుకున్న కాగితం తనే తెచ్చింది.

నాకు లోపల సంతోషమే వేసింది, దాచడమెందుకు? ఆరేళ్లుగా నీ ఎడమచేతి బౌలర్ని చూసి కుళ్లుకుంటున్నాను. ఇద్దరు బ్యాటర్లని ఇస్తానన్నా నువ్వు ట్రేడ్‌కి ఒప్పుకోలేదు. ఇప్పుడు అతని మోకాలికి ఆపరేషనైంది. అంత ధర పెట్టి రిటైన్ చేసుకోవడం దండగని అందరూ అన్నారు. అయినా నాకు అతనే కావాలి, షబానా అయితే ఇచ్చేస్తుందనుకున్నాను.

"అతన్ని నాకిచ్చెయ్యమ్మా, బదులు నా ఓపెనర్ని తీసుకో" అన్నాను, ఏదో సాయం చేస్తున్నవాడిలా.

షబానా కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. "ఇవ్వనండి అన్నయ్యగారూ. మీరు అడుగుతారని ఆయన ముందే చెప్పారు. అతను కుంటుతున్నా సరే, మీకు మాత్రం ఇవ్వొద్దన్నారు."

అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. టీ చెప్పొస్తానని బయటికొచ్చి, చెప్పకుండా కాసేపు అక్కడే నిలబడ్డాను.

ఇప్పుడు నా కుళ్లు ఆ బౌలర్ కోసం కాదురా. ఇంటికెళ్లగానే మా ఆవిడ సుజాతని అడిగాను, నా టీములో ఒక్కడి పేరు చెప్పమని.

"మీకు టీముందా?" అంది.