గేదెకు మిగతా చరణాలు

అమ్మా, కంగారు పడకు, గేదె తన్నింది నన్ను కాదు, బకెట్టుని.

పశుపోషణ పుస్తకంలో ఉన్నట్టే పొదుగు గోరువెచ్చని నీళ్లతో కడిగి, నిమిషం ఆగి పితకబోయాను. ఒక్క చుక్క రాల్చలేదు, పైగా తన్నింది. ఈ డెయిరీలో ముప్పయ్యేళ్లుగా పాలు తీస్తున్న పెద్దాయన నవ్వాడు. "పుస్తకం నువ్వు చదివావు తల్లీ, అది చదవలేదుగా! డొక్కకి తల ఆనించి ఏదైనా పాడు." నీ జోలపాట ఎత్తుకున్నాను. వెంటనే పాలు చేపింది! కానీ చరణం అయిపోగానే మళ్లీ బిగబట్టేసింది.

పుస్తకం పారెయ్యలేదులే, ఈ కార్డు దానిమీద పెట్టుకునే రాస్తున్నాను.

చెల్లి దగ్గు తగ్గిందా? నాన్నకు నమస్కారాలు. జోలపాటలో మిగతా చరణాలు వెంటనే రాసి పంపు. నాకొచ్చింది మొదటిదొక్కటే. ఆపైన ఎప్పుడు విన్నాను గనక, నిద్రపోయేదాన్నిగా!

నీ పెద్దది